జాగ లేదు, పొద్దుగాల రాండ్రి

మెయిల్ సర్వరు చూసుకునే మాకు 452 అంకె కనిపిస్తే గుండె జారుతుంది. '452 4.3.1 ఇన్‌సఫిషియంట్ సిస్టమ్ రిసోర్సెస్' అంటే మన సర్వరు బయటి మెయిళ్లను తీసుకోవడం ఆపేసిందన్నమాట. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌లో 2007 వెర్షన్ నుంచి ఉన్న ఈ ఏర్పాటు పేరు బ్యాక్ ప్రెషర్. డిస్కు నిండుతున్నా, మెమరీ చాలకపోయినా కొత్తవాటిని ఆపుతుంది. అప్పటికే క్యూలో ఉన్నవాటిని మాత్రం చేరవేస్తూనే ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఈ కాపలానే తీసేశాను. పైవాళ్ల నుంచి ఫోన్ మీద ఫోన్. ఎడ్జ్‌ట్రాన్స్‌పోర్ట్ కాన్ఫిగ్ ఫైలు తెరిచి, రిసోర్స్ మానిటరింగ్ దగ్గర 'ట్రూ' చెరిపి 'ఫాల్స్' రాసి, సర్వీసు రీస్టార్ట్ చేశాను. మెయిళ్లు జలజలా వచ్చాయి. తెల్లవారుజామున డ్రైవు మొత్తం నిండి సర్వీసే ఆగింది. వచ్చేవే కాదు, పోయేవీ నిలిచిపోయాయి.

ఆ పొద్దు నాకు తెలంగాణ సరిహద్దులోని మద్నూర్ యాదికొచ్చింది. పత్తి కాలంలో బాపుతో ట్రాక్టరు మీద జిన్నింగ్ మిల్లుకు పోయేవాణ్ని. బండ్ల వరుసలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపించేవి. "జాగ లేదు పటేలా, పొద్దుగాల రాండ్రి" అనేవాడు గేటు కాడి మనిషి. నాకు కోపమొచ్చేది, లోపల జాగ కళ్లకు కనబడుతుంటే! కుప్పకూ కుప్పకూ నడుమ ఆ ఖాళీ ఫైరింజను తిరగడానికని బాపు చెప్పాడు. పత్తి మీద ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎక్స్ఛేంజ్ 2007 మొదటి విడుదలలో క్యూ ఉన్న డ్రైవులో 4 జీబీ ఖాళీ లేకుంటే మెయిల్ పుచ్చుకునేది కాదు. సర్వీస్ ప్యాక్ 1 దాన్ని 500 ఎంబీకి దించింది. అంతే తప్ప సున్నా చేయలేదు. కుప్పల నడుమ దారి అది. దాన్ని కూడా నింపుకునే చోటనుకున్నాను నేను.

పైగా 4తో మొదలయ్యే జవాబు 'ఇప్పుడు కాదు' అనేదే. పంపిన సర్వరు మెయిల్‌ను తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ తెస్తుంది. కుదరకపోతే కొన్ని రోజుల పాటు తెస్తుంది కూడా. 5తో మొదలైతేనే వెనక్కి కొట్టినట్టు. ఈ తేడా ఫోన్ చేసినవాళ్లకు ఓపిగ్గా చెప్పడం మా పనిలో సగం.

మొన్న మళ్లీ 452 వచ్చింది. ఈసారి కాన్ఫిగ్ జోలికి పోలేదు. "సార్, అరగంట. ఒక్క మెయిలూ ఎటూ పోదు" అన్నాను. డిస్కు తినేస్తున్న పాత లాగ్‌లను వేరే డ్రైవుకు మార్చాను. ఈవెంట్ లాగ్‌లో 15005 పడింది, ఒత్తిడి తగ్గిందని. ఇంకాసేపటికి, సార్ పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్న టెండరు మెయిల్ వచ్చి చేరింది.