అగ్నిగుండము ఎదుట ఒప్పుకోలు: టెన్నిసన్ ‘కపియొలాని’పై ఒక పరిశీలన

హవాయి ద్వీపంలోని కిలవెయ అగ్నిపర్వతం పెలె దేవతకు నివాసమని అక్కడివారి పారంపర్య విశ్వాసం. ప్రవహించే లావా ఆమె స్వరూపం. కొన్ని కుటుంబాలకు ఆమె పితృదేవత కూడా. ముందుగా ఆమెకు అర్పించకుండా అక్కడి ఓహెలో పండ్లు తినకూడదు. 1824 డిసెంబరులో క్రైస్తవ విశ్వాసియైన నాయకురాలు కపియొలాని కాలినడకన వచ్చి, ఆ గుండంలోకి దిగి, అర్పణ లేకుండానే ఆ పండ్లు తిని, యెహోవాకు ప్రార్థించింది. ఈ ఘటనపై ఆంగ్ల కవి టెన్నిసన్ వ్రాసిన కవిత ఆయన మరణానంతరం 1892లో వెలువడింది.

కవితలో ఆమె పండ్లను మంటలలోకి విసిరి, దేవతను సవాలు చేసి, ద్వీపం నుండి తరిమివేస్తుంది. మిషనరీల కథనంలో పండ్లు తినడమే ఉంది. అంతకన్న ముఖ్యంగా, ఈ అగ్నిని రగిలించినది తన దేవుడైన యెహోవాయేనని ఆమె ఒప్పుకొన్నది. ఇది సృష్టికర్తను గూర్చిన సాక్ష్యం. కవి దీనిని బలప్రదర్శనగా మార్చాడు. మన ప్రసంగాలలోనూ ఈ ఘటనను కర్మెలు పర్వతంతో పోల్చడం వినియున్నాము. అయితే కర్మెలుపై అగ్ని దిగివచ్చింది. ఇక్కడ ఏమీ జరుగలేదు.

ఏమీ జరుగకపోవడమే ఋజువు అనుకుంటే, జరిగినప్పుడు ఏమి చెప్పగలము? 1881లో మౌన లోవ లావా హిలో పట్టణాన్ని సమీపించినప్పుడు రాకుమారి రూత్ కెఎలికోలాని పెలెకు అర్పణలు చేసింది. క్రైస్తవులు ప్రార్థించారు. లావా ఆగింది. ఆ జయం ఎవరిదనాలి? 2018లో కిలవెయ లావా ఏడు వందలకు పైగా ఇండ్లను కబళించింది. అది ఎవరి ఉగ్రత అనాలి? పెలె పట్ల భక్తి నేటికీ అక్కడ ఉన్నది గనుక, తరిమివేసెనన్న కవి మాట చరిత్రకు కూడ నిలువదు.

సిలోయము గోపురము కూలి చనిపోయినవారు ఇతరులకంటె పాపులని తలంచవద్దని ప్రభువు హెచ్చరించాడు (లూకా 13:4). కర్మెలు తరువాత హోరేబులో యెహోవా అగ్నిలో ప్రత్యక్షము కాలేదు (1 రాజులు 19:12). కర్మెలును బోధించే మనము హోరేబును విడిచిపెట్టకూడదు.

కపియొలాని ధైర్యాన్ని మేము తక్కువ చేయడం లేదు. లావా ఆమెపైకి పొంగి ఉన్నా ఆమె ఒప్పుకోలు సత్యమే. ఆ సంగతి సంఘానికి నేర్పని ప్రసంగం, విశ్వాసి ఇల్లు కాలిన దినమున అతనికి ఆదరణ ఇయ్యజాలదు.