ముఖం లేని చిత్తరువులు

చెయ్యి తిరిగిన ఫొటోగ్రాఫర్ల లెక్క తీస్తే, నా మటుకు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తర్వాతే ఎవరైనా. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌ను ఆయన 1917 నుంచి 1937 దాకా మూడు వందలకు పైగా ఫొటోలు తీశాడు. వాటిలో ముఖమే లేకుండా చేతులు మాత్రమే ఉన్నవీ చాలానే. ఒక్క ఫొటోకి మనిషి దొరకడనీ, ఏళ్ల తరబడి తీసినవన్నీ కలిస్తేనే అసలైన చిత్తరువనీ ఆయన నమ్మకం. ఈ చేతుల్ని చూశాక కాదనడం ఎవరి తరం?

1919 నాటి ఫొటో ఒకటి చూడండి. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా తొడుక్కునే లోహపు తొడుగు ఓకీఫ్ వేలికి ఉంది. వేళ్ల కణుపులు, చర్మం మీది సన్నగీతలు లెక్కపెట్టుకోవచ్చు. ఆవిడ తన బట్టలు తానే కుట్టుకునేది. అందుకే ఆ వేళ్లలో నటన లేదు, పని తెలిసిన ఒడుపుంది. ఆ చేతులే 1931లో గుర్రం పుర్రె మీద, 1933లో కారు చక్రం మీద వాలాయి. చేతులవే, మాట మాత్రం ప్రతిసారీ కొత్తది!

పెద్ద కెమెరా, ఎనిమిది బై పది అంగుళాల నెగటివ్. ఒక్కో ఎక్స్‌పోజర్‌కు మూడు నాలుగు నిమిషాలు పట్టేదట. దురద పెట్టినా కదలకూడదు. అందుకే ఈ ఘనతలో సగం ఓకీఫ్‌దే అంటాను. నెగటివ్‌ను కాగితానికి ఆనించి అదే సైజులో ప్రింటు తీసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంతో ప్రింటు కాగితానికి వాడే ప్లాటినం కరువై పల్లాడియం వైపు మళ్లారంటారు. ఏదైతేనేం, ఆ లోహం కాగితపు నారలోనే నిలుస్తుంది, పైన మెరిసే పొర ఉండదు. నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్ని ఛాయలో!

ఆ రోజుల్లో ఫొటోని పెయింటింగ్‌లా కనిపించేట్టు చెయ్యాలని జిగురు రంగులు పూసి, కుంచెతో దిద్దేవాళ్లు ఉండేవాళ్లు. ఒకప్పుడు ఆ గుంపును వెనకేసుకొచ్చిన స్టీగ్లిట్జే వాళ్లకు దూరం జరిగాడు. మంచి పని చేశాడు. ఫొటోకి అరువు సొగసు ఎందుకు? 1921లో న్యూయార్క్‌లోని ఆండర్సన్ గ్యాలరీస్‌లో 145 ప్రింట్లు పెడితే జనం విరగబడి చూశారు. 2006లో ఈ చేతుల ఫొటో ఒకటి వేలంలో 14 లక్షల డాలర్లు దాటింది.

మరి ఇప్పుడు? ఫోన్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ నొక్కి, రెండు చేతులు చూపించి "ఫైన్ ఆర్ట్" అంటున్నారు. మన పెళ్లి ఆల్బమ్‌లలో గోరింటాకు చేతుల సంగతి చెప్పక్కర్లేదు. కణుపులు తుడిచేసి, గీతలు చెరిపేసి, మైనం బొమ్మకు అతికించినట్టు చేస్తున్నారు. ఎవరి చేతులో ఆ ఇంటివాళ్లే పోల్చుకోలేరు. దీన్ని కళ అంటే ఒళ్లు మండదా?

స్టూడియో మిత్రులారా, ఓకీఫ్ 1949లో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి ఇచ్చిన స్టీగ్లిట్జ్ ప్రింట్లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఓ గంట కూర్చుని చూడండి. ఆ తర్వాత మీ ముందుకొచ్చే ప్రతి చేతినీ ఉన్నదున్నట్టు తీయండి. దయచేసి గీతలు చెరపకండి.