తలుపు ఏ ప్రక్క నున్నది?

పాత ఛాయాచిత్రములోని విమాన మేదో చెప్పుమని యెవరైన నడిగినప్పుడు, దానిపై వ్రాసిన పేరును నేను కట్టకడపట చదువుదును. ఏలయన పేరును రంగును యజమాని మారినప్పుడెల్ల మారును గాని, రెక్క కట్టుబడి యంత సులభముగ మారదు. రెండింజనుల పాతవిమాన మేది కనబడినను డకోటా యనువారు మనలో కొందరు కలరు. పెక్కుసార్లు వారి మాట నిజమగుటయే వారి జబ్బు కుదరకుండుటకు కారణము.

ఇటీవల నొక మిత్రుని యింట చూచిన చిత్రము బేగంపేటలో తీసినది. 1945లో హైదరాబాదున వెలసి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైన డెక్కన్ ఎయిర్‌వేస్ వారి విమానమని యింటివా రెరుగుదురు. దాని జాతి మాత్ర మెరుగరు. తోకచక్రముపై చతికిలబడి ముక్కు పైకెత్తిన భంగిమయు, గుండ్రని యింజనులును ఆనాటి విమానములలో పెక్కింటికి కలవు. ఇంజనులకు వెలుపల రెక్క ముందంచు వెనుకకు వాలి, వెనుకంచు దాదాపు తిన్నగా సాగుటను బట్టి డగ్లస్ కుటుంబమని తలంచితిని. డీసీ-2కు సాధారణముగ ముక్కుపై నుండు జంటదీపములు దీనికి లేవు. కనుక 1935 డిసెంబరు 17న తొలిసారి యెగిరిన డీసీ-3 సంతతియే.

అయితే తలుపు నన్ను నిలిపివేసినది. యుద్ధకాలమున సైన్యమునకై పదివేలకు పైగా తయారై, పిమ్మట మిగులు సరుకుగా అమ్ముడువోయి మన విమానసంస్థలకు చేరిన డకోటాలకు, జీపును సైత మెక్కింపగల వెడల్పైన జంటతలుపు వెనుకభాగమున నెడమప్రక్క నుండును. ఈ చిత్రములో నది కుడిప్రక్క నున్నది! సోవియట్ రష్యాలో అనుమతితో కట్టిన లీ-2కు కుడిప్రక్క ద్వారము కలదు గాని, అది యిరుకైనది; పైగా అది బేగంపేటకు వచ్చుట యెట్లు? రెక్క మీది యక్షరములను చూతమన్న, జనుల తలల నడుమ కనబడునది ఆంగ్లపు టీ యొక్కటే. అద్దములో చూచినను అది టీయే. అప్పుడు విమానమును విడిచి మనుష్యులను చూచితిని. చొక్కాలు తొడిగిన మగవా రందరికిని జేబు కుడిరొమ్మున నున్నది. నెగటివును తిరగవేసి అచ్చొత్తిరన్నమాట.

సరిగా మరల నచ్చు వేయించుకొనుడని చెప్పితిని. కాని తాతగారి కుడిప్రక్క నిలిచినది పెద్దకోడలా చిన్నకోడలా యను తగవు అచ్చట నప్పుడే మొదలైనందున, నా మాట వినువారు లేకపోయిరి.