ఓడేవాళ్లు లేని ఆట

క్యారమ్స్‌లో ఒకరు గెలవాలంటే ఇంకొకరు ఓడాలి. పేకాటైనా, చదరంగమైనా, అష్టాచెమ్మా అయినా అంతే. ఏడేళ్ల మనవరాలితో ఆడేటప్పుడు డెబ్బయ్యేళ్ల తాతయ్య కావాలని ఓడిపోవాల్సి వస్తుంది. జిగ్‌సా పజిల్‌లో ఆ అవసరం రాదు. ముక్కలన్నీ ఒకవైపు, ఇంటిల్లిపాదీ ఒకవైపు. దొరికిన ముక్క ఎవరు పెట్టినా బొమ్మ అందరిదీ అవుతుంది. చిన్నాపెద్దా తేడా లేకుండా ఒకే పక్షాన కూర్చోబెట్టి, కళ్లెదుట ఉన్నదాన్ని శ్రద్ధగా చూడటం నేర్పే ఆట ఇది. దీనికంటూ ఒక చరిత్ర, కొన్ని మెలకువలు ఉన్నాయి. అవి తెలిస్తే ఆట ఇంకా రుచిస్తుంది.

మ్యాపుతో మొదలు

1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన రాగి రేకుల మీద మ్యాపులు చెక్కి అచ్చువేసి అమ్మేవాడు. ఆయన ఒక మ్యాపును పల్చటి మహాగని చెక్క మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంట సన్న రంపంతో కోశాడు. పిల్లలు ఆ ముక్కల్ని తిరిగి పేరుస్తూ భూగోళం నేర్చుకోవాలని ఆయన ఉద్దేశం. అప్పట్లో అవి కలిగినవాళ్ల ఇళ్లకే చేరేవి. మూడో జార్జి రాజు పిల్లల ఆలనాపాలనా చూసిన లేడీ షార్లెట్ ఫించ్ ఇలాంటి కోసిన మ్యాపులతోనే వాళ్లకు పాఠాలు చెప్పింది. ఆ మ్యాపులు దాచిన బీరువా ఇప్పటికీ భద్రంగా ఉంది.

స్పిల్స్‌బరీ పద్ధతి ఈనాటికీ మన పిల్లల చేతుల్లోనే ఉంది. బొమ్మల దుకాణాల్లో దొరికే భారతదేశం మ్యాపు పజిల్‌లో కూడా కోత రాష్ట్రాల సరిహద్దుల వెంటే నడుస్తుంది. 2014 జూన్ 2తో అందులో ఆంధ్రప్రదేశ్ ముక్క రెండయింది. ఆ రెండు ముక్కల్ని పిల్లల చేతికిచ్చి చూడండి. తెలంగాణకు సముద్రం తగలదని, ఆంధ్రప్రదేశ్ అంచు ఒకవైపంతా సముద్రమేనని ఎవరూ చెప్పకుండానే వాళ్ల వేళ్లకు తెలిసిపోతుంది. ఛత్తీస్‌గఢ్ రెండింటినీ తాకుతుందని ఒకసారి చేత్తో అతికించిన పిల్లవాడు పరీక్షలో తడుముకోడు.

చెక్క నుంచి అట్టకు

పెద్దవాళ్లు ఈ ఆట మోజులో పడింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. 1909లో అమెరికాలోని పార్కర్ బ్రదర్స్ కంపెనీ మిగతా ఆటల తయారీ ఆపి ఫ్యాక్టరీ మొత్తాన్ని పజిల్స్‌కే కేటాయించింది. ఆనాటి చెక్క పజిల్స్ చాలావరకు ఒక్కొక్క ముక్కా చేత్తో కోసినవి. పెట్టె మీద బొమ్మ ఉండేది కాదు. చాలావాటిలో ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునేవి కూడా కావు, పక్కపక్కన చేరి ఉండేవంతే. చొక్కా చెయ్యి తగిలితే సాయంత్రమంతా చేసిన పని చెదిరిపోయేది.

1930ల ఆర్థిక మాంద్యం ఈ ఆటను సామాన్యుల ఇళ్లకు చేర్చింది. ఉద్యోగాలు పోయిన కొందరు పనివాళ్లు ఇంట్లోనే రంపం పెట్టుకుని పజిల్స్ కోసి అమ్మారు, అద్దెకిచ్చారు. అదే సమయంలో అచ్చుతో నొక్కి కోసే అట్ట పజిల్స్ వచ్చాయి. వారం వారం కొత్త పజిల్ పత్రికలు అమ్మే కొట్లలో 25 సెంట్లకే దొరికేది. 1933 ఆరంభంలో అమెరికాలో వారానికి కోటి దాకా తయారయ్యేవట. చేతిలో డబ్బు, చెయ్యడానికి పని లేని రోజుల్లో, పూర్తిచేయగలిగిన పని ఒకటి ఇంట్లో ఉండటం మనిషికి ఎంత ధైర్యమో ఆ లెక్క చెబుతుంది.

ఇప్పటి పజిల్స్‌ది కూడా ఆ అట్ట పద్ధతే. పదునైన ఉక్కు పట్టీలను వంచి అచ్చు తయారుచేస్తారు. బొమ్మ అంటించిన అట్టను దాని కింద పెట్టి, భారీ ప్రెస్సుతో ఒక్క నొక్కుతో కోస్తారు. ఒకే అచ్చుతో ఎన్నో బొమ్మలు కోయొచ్చు.

ముక్కల్ని చదివే తీరు

సాధారణంగా వెయ్యి ముక్కల పజిల్‌ను 40 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసలుగా కోస్తారు. అందులో అంచు ముక్కలు 126, మిగిలిన 874 లోపలివి. కొన్ని కంపెనీలు 38, 27 వరుసల చొప్పున కోస్తాయి. అప్పుడు పెట్టె మీద వెయ్యి అని ఉన్నా లోపల 1026 ఉంటాయి. ఈ లెక్క ముందే తెలుసుకుంటే అంచు పూర్తయిందో, ఒకటి తప్పిపోయిందో వెంటనే తేలుతుంది.

మొదట ముక్కలన్నిటినీ బొమ్మవైపు పైకి వచ్చేలా తిప్పి పరచాలి. విసుగు పుట్టించే పని ఇదొక్కటే, కానీ దీన్ని ఎగ్గొట్టినవాళ్లు తర్వాత రెండింతలు వెతుక్కుంటారు. తిప్పుతున్నప్పుడే తిన్నని అంచు ఉన్నవి వేరుచేయాలి. మిగతావాటిని రంగునుబట్టి స్టీలు పళ్లేల్లోకో, స్వీటు పెట్టెల మూతల్లోకో సర్దాలి. రంగుతోపాటు గీత కూడా చూడాలి. ఇటుక గోడ ఎరుపు, గులాబీ పువ్వు ఎరుపు ఒకటి కావు. ఒకదానిలో తిన్నని గీతలుంటాయి, రెండోదానిలో మెత్తని మడతలుంటాయి.

అంచు కట్టాక తేలికైన చోట్లు పట్టుకోవాలి. అక్షరాలున్న బోర్డులు, ముఖాలు, కిటికీలు, రెండు రంగులు కలిసే గీతలు ముందు తెములుతాయి. వీటిని విడివిడిగా కట్టి, కింద చార్టు ముక్క జొనిపి, వాటి చోటుకు జరుపుతారు. అంచంతా ఒకే రంగు ఆకాశమైతే మాత్రం లోపలి నుంచే మొదలుపెట్టడం మేలు.

చివరికి మిగిలేవి ఆకాశం, సముద్రం, మంచు. అక్కడ రంగు సాయం చేయదు, ఆకారాన్నే నమ్ముకోవాలి. మామూలు ముక్కకు నాలుగు వైపులుంటాయి, ఒక్కో వైపు బొడిపో గాడో ఉంటుంది. ఆ లెక్కన ముక్కలు ఆరు రకాలు: నాలుగూ బొడిపెలే ఉన్నది, మూడు ఉన్నది, ఎదురెదురుగా రెండు ఉన్నది, పక్కపక్కన రెండు ఉన్నది, ఒక్కటే ఉన్నది, ఒక్కటీ లేనిది. ఈ ఆరు రకాలనూ ఆరు కుప్పలుగా పెట్టుకుంటే ఖాళీని చూడగానే ఏ కుప్పలో వెతకాలో తెలుస్తుంది. రెండువందల నీలం ముక్కలు చూసి బెదిరినవాళ్లకు పని ఒక్కసారిగా చేతికందేంత చిన్నదవుతుంది.

అతికినట్టే ఉండి మోసం చేసే ముక్కలు కూడా ఉంటాయి. అనుమానం వస్తే అతికిన రెంటినీ కలిపి పైకెత్తి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే అది దాని చోటు కాదు. ఎంత వెతికినా దొరకనప్పుడు బల్ల చుట్టూ తిరిగి అవతలివైపు కూర్చోవాలి. తలకిందులుగా చూస్తే ఇల్లు, చెట్టు అనే పేర్లు మరుగునపడి రంగులు, గీతలే కనిపిస్తాయి. ఇందాకటి నుంచి కళ్ల ముందే ఉన్న ముక్క అప్పుడు దొరుకుతుంది.

ఇంట్లో చోటు, ఇంట్లో పద్ధతి

మన ఇళ్లలో డైనింగ్ టేబుల్‌ను వారం రోజులు ఆటకు వదిలేయడం కుదరదు. బొమ్మ కన్నా కాస్త పెద్ద ప్లైవుడ్ ముక్క తెచ్చుకుంటే సరి. ఆట కాగానే మంచం కిందకు తోసేయొచ్చు. రెండు మూడేళ్ల పిల్లలకు నాలుగైదు పెద్ద చెక్క ముక్కలు చాలు. అయిదారేళ్లకు పాతిక నుంచి యాభై, ఎనిమిదేళ్లకు వంద ముక్కలవి ఇవ్వొచ్చు. ముక్క మన కంటపడినా పిల్లల చేయి అటువైపు వెళ్లేదాకా ఆగడం పెద్దలు నేర్చుకోవాల్సిన మర్యాద. అందరూ కలిసి చేసినప్పుడు చివరి ముక్క చిన్నవాళ్లకు వదలండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ ఆట మరీ అక్కరకొస్తుంది. చలికాలంలో బయటికెళ్లే వీలుండదు. మనవలకు తెలుగు తడబడుతుంది, వాళ్ల ఇంగ్లిష్ వీళ్లకు అందదు. బల్ల మీద పజిల్ ఉంటే “ఆ పచ్చది ఇటివ్వు నాన్నా”, “ఈ మూల ఎక్కడిది అమ్మమ్మా” అన్న మాటలు వాటంతట అవే పుడతాయి. చేతిలో పని ఉన్నప్పుడు మాట్లాడుకోవడం తేలిక. ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు, మధ్యలో మౌనం వచ్చినా ఇబ్బందిగా ఉండదు. అక్కడి చాలా గ్రంథాలయాల్లో వచ్చేపోయేవాళ్లంతా తలా ఒక ముక్క పెట్టేలా ఒక బల్ల మీద పజిల్ పరిచి ఉంచుతారు కూడా.

మేలెంత?

దీనితో మతిమరుపు రాదని చెప్పే ప్రకటనల్ని నమ్మనక్కర్లేదు. 2018లో జర్మనీ పరిశోధకులు యాభై దాటినవాళ్లతో నెల రోజులపాటు పజిల్స్ చేయించి చూశారు. ఆ కొద్దికాలంలో జ్ఞాపకశక్తి, ఆలోచనల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అయితే ఏళ్ల తరబడి పజిల్స్ చేసిన అలవాటున్నవాళ్లు ఆ పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. షికాగో పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పజిల్స్‌తో ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్లకు ఆకారాలను మనసులో తిప్పి చూడటంలో ముందున్నారు. ఆట వల్లే అలా జరిగిందని ఈ పరిశీలనలు రుజువు చేయవు. నా మట్టుకు ఈ ఆట విలువకు డాక్టరు చీటీ అక్కర్లేదు. గంటసేపు ఫోను జోలికి పోకుండా ఒకే పని మీద నలుగురూ మనసు పెట్టడం దానికదే ఒక మేలు.

వేగం ఇష్టపడేవాళ్లకు పోటీలూ ఉన్నాయి. 2019లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్‌లో ప్రపంచ జిగ్‌సా పోటీలు మొదలయ్యాయి. వ్యక్తిగత విభాగంలో 500 ముక్కల బొమ్మను గంటలోపే ముగించేవాళ్లున్నారు. ఇద్దరు కలిసి, నలుగురు కలిసి ఆడే విభాగాలు కూడా ఉన్నాయి.

చేతులు మారాలి

పూర్తయిన బొమ్మకు జిగురు పూసి ఫ్రేము కట్టించాలని చాలామందికి అనిపిస్తుంది. విడదీసి ఇంకొకరికి ఇస్తేనే దానికి మళ్లీ ప్రాణం వస్తుందని నేనంటాను. బ్రిటన్‌లో 1933లో మొదలైన జిగ్‌సా గ్రంథాలయం సభ్యులకు చెక్క పజిల్స్ అరువిస్తుంది, అదీ పెట్టె మీద బొమ్మ లేకుండా. ఆ ఏర్పాటు మనకు కష్టమేమీ కాదు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో, ఊరి గ్రంథాలయంలోనో ఒక అర చాలు. ఇచ్చేముందు ముక్కలు లెక్కపెట్టండి, పోయినవి ఉంటే ఎన్నో పెట్టె మీద రాయండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రంగులు ఎక్కువున్న మూడువందల ముక్కల బొమ్మ తీసుకోండి. ముక్కలు తిప్పడానికి మాత్రం ఇంట్లో అందరినీ పిలవండి.