స్వానుభవాన్వయం: పోలికా, స్థానమా? ‘గబ్బిలం’ బోధన ఆధారంగా ఒక పరిశీలన

పాఠాన్ని విద్యార్థి తన జీవితంతో అన్వయించుకోవాలన్నది నేటి సాహిత్య బోధనలో దాదాపు వివాదరహితమైన సూత్రం. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తన మార్గదర్శక సూత్రాలలో మొదటిదిగా, జ్ఞానాన్ని బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టడాన్ని పేర్కొన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రం తర్వాత వెలువడిన తెలుగు వాచకాల్లోని ‘అవగాహన-ప్రతిస్పందన’ అభ్యాసాలకూ ఇదే దృష్టి ప్రేరణ. ప్రతిపదార్థాలు, సందర్భసహిత వ్యాఖ్యలు కంఠస్థం చేయడమే సాహిత్యాధ్యయనంగా చెలామణీ అయిన తరగతికి ఈ మార్పు అత్యవసరం. చిక్కల్లా ఈ సూత్రం తరగతి గదిలో ఒకే ఒక్క ప్రశ్నగా కుదించుకుపోవడంలో ఉంది. “ఇటువంటి అనుభవం మీకెప్పుడైనా కలిగిందా?” అన్నదే ఆ ప్రశ్న. గజేంద్రమోక్షానికైనా, జాషువ ‘గబ్బిలా’నికైనా అదే ప్రశ్న వేస్తే రెండు చోట్లా అది ఒకే పని చేస్తుందా అన్నది ఇక్కడ విచార్యం.

పఠితకు ప్రాధాన్యమిచ్చిన పాశ్చాత్య సిద్ధాంతకర్తలెవరూ ఈ కుదింపును సమర్థించలేదు. లూయీ రోజెన్‌బ్లాట్ 1938లోనే పఠిత అనుభవాన్ని సాహిత్య బోధనకు కేంద్రం చేసింది. అయితే ఆ స్పందన తిరిగి రచన వద్దకు వచ్చి, దాని పదాల ఎదుట నిలవాలని కూడా ఆమె పట్టుబట్టింది. అంతకుముందే, 1929లో, ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జి విద్యార్థులకు కవుల పేర్లు చెప్పకుండా పద్యాలిచ్చి, వారు రాసిన వ్యాఖ్యలను విశ్లేషించాడు. చదువరి సొంత జ్ఞాపకాలు పద్యంతో సంబంధం లేకుండా చొరబడి అర్థాన్ని పక్కదారి పట్టించడం ఆయన గుర్తించిన దోషాలలో ఒకటి. పాఠాన్ని తనతో, మరో పాఠంతో, ప్రపంచంతో ముడిపెట్టుకునే మూడు విధాల అన్వయం 1997 తర్వాత అమెరికా పాఠశాలల్లో బహుళ ప్రచారం పొందింది. మన శిక్షణ తరగతులకు చేరింది ఎక్కువగా ఈ మూడో దశ సూత్రమే. దాని వెనుక ఉన్న జాగ్రత్తలు దారిలోనే జారిపోయాయి.

భారతీయ అలంకారశాస్త్రం ఈ విషయంలో మరింత సూక్ష్మంగా ఆలోచించింది. అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో ‘నిజసుఖాదివివశీభావం’ ఒకటి. తన సొంత సుఖదుఃఖాలలో మునిగినవాడికి ఎదుటి కావ్యం కనిపించదు. ఇది తనకు సంబంధించినది మాత్రమే, లేదా పరాయివాడిది మాత్రమే అనే పట్టుదల మరొక విఘ్నం. ఈ మాటలను పట్టుకొని, స్వానుభవానికి సంప్రదాయంలో చోటే లేదని వాదించడం కూడా పొరపాటే. వాసన లేనివాడికి రసాస్వాదం లేదన్నది ఆయనే. అంటే అనుభవం కావాలి, కాని అది సాధారణీకరణం పొందాలి. నాట్యంలో ఆ వివశత్వాన్ని తొలగించేవి గానవాద్యాదులని ఆయన వివరణ. తెలుగు తరగతిలో ఆ పని చేయగలిగినది రాగయుక్తమైన పద్యపఠనం. దాన్ని కాలవ్యయమని మానేసి నేరుగా చర్చలోకి దిగే అధ్యాపకుడు, తెలియకుండానే విఘ్నాన్ని అలాగే ఉంచి రసాన్ని ఆశిస్తున్నాడు.

‘గబ్బిలం’ (1941) తరగతిలో ఈ చర్చ కేవలం సిద్ధాంతంగా మిగలదు. ఆకలితో, అస్పృశ్యతతో నలిగే నాయకుడు తన మొరను శివునికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. “మీకిలాంటి అనుభవం కలిగిందా?” అన్న ప్రశ్న ఇక్కడ పడగానే తరగతి రెండుగా చీలుతుంది. దళిత విద్యార్థి జీవితం అందరి ముందూ సాక్ష్యంగా నిలబడవలసి వస్తుంది. అతడు మాట్లాడితే పాఠ్యవస్తువవుతాడు. మౌనం వహిస్తే ప్రతిస్పందన లేనివాడవుతాడు. మిగిలినవారు తమను ఎవరో ఆటలో చేర్చుకోకపోవడాన్నో, పరీక్షలో అన్యాయం జరగడాన్నో తెచ్చి పోలికగా నిలుపుతారు. వారిది కపటం కాదు. ప్రశ్న పోలికను అడిగింది, వారు పోలికనిచ్చారు. అయితే ఆ పోలికలో అస్పృశ్యత అనే చారిత్రక విషయం కరిగిపోయి ‘బాధ’ అనే సర్వసాధారణ నామం మిగులుతుంది. సాధారణీకరణానికీ ఈ పలచబారడానికీ మధ్య చాలా దూరముంది. మొదటిది విశేషం గుండా సాగుతుంది, రెండోది విశేషాన్ని తుడిచివేస్తుంది.

కావ్యమే దీనికి వేరొక దారి చూపుతున్నది. గబ్బిలం ఆలయంలో వేలాడేటప్పుడు శివుని చెవి దానికి దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి తన కథ విన్నవించమంటాడు నాయకుడు. ఈ ఒక్క షరతులో ఒక సామాజిక వ్యవస్థ మొత్తం ఉంది. అశుభమని జనం తరిమే పక్షికి గర్భగుడిలో చోటుంది, మనిషికి లేదు. పక్షికైనా పూజారి కన్నుగప్పితేనే మాట దక్కుతుంది. “ఈ పద్యంలో మీరెక్కడ ఉన్నారు?” అని అడిగితే పరిస్థితి మారుతుంది. గుడిలోకి నిరాటంకంగా వెళ్లే విద్యార్థికి నాయకునితో పోలిక వెతుక్కోవలసిన పని లేదు. అతడు వెళ్లిన గుడి ద్వారం, అక్కడ ఎవరు లోపల ఉన్నారో ఎవరు లేరో తానెన్నడూ గమనించకపోవడం అతని అన్వయం. అది నాయకునితో పోలిక కన్నా ఇబ్బందికరం, అంతకన్నా నిజం. దళిత విద్యార్థి కూడా తన ఇంటి కథ చెప్పనక్కరలేదు. గబ్బిలాన్నే దూతగా ఎందుకు ఎంచుకున్నాడన్న విమర్శకుని ప్రశ్నతో అతడు చర్చలోకి రావచ్చు. ‘మేఘసందేశం’ తెలిసినవారికి ఇంకో మెట్టు దొరుకుతుంది. యక్షుడి విరహానికి మేఘం చాలింది. ఆకలిగొన్నవాడికి చీకటి పక్షి కావలసి వచ్చింది.

గురజాడ ‘దిద్దుబాటు’ (1910)తో దీన్ని పోల్చి చూడవచ్చు. ఆ కథ మీద తరగతి చర్చ భార్యాభర్తల చుట్టూ, గోపాలరావు కపటం చుట్టూ ఉత్సాహంగా సాగుతుంది. భార్య కనిపించని కోపంలో అతడు నౌకరు రాముడి వీపు మీద గుద్దిన గుద్దులు మాత్రం చర్చకు రావు. సంస్కరణ కథలో దెబ్బలు తిన్నవాడి చోటు ఏమిటన్న ప్రశ్న పోలికల వెతుకులాటలో తట్టదు. ఎందుకంటే విద్యార్థుల్లో ఎవరూ తమను రాముడిగా ఊహించుకోరు, లేదా ఊహించుకున్నా పైకి చెప్పరు.

స్థానాన్ని అడిగే ప్రశ్నకూ ఒక ప్రమాదం లేకపోలేదు. అది నేరాంగీకార ప్రకటనగా దిగజారవచ్చు; అగ్రవర్ణ విద్యార్థి పశ్చాత్తాపం తరగతి సమయాన్నంతా ఆక్రమించవచ్చు. అప్పుడు కూడా కావ్యం మరుగున పడుతుంది. కనుక ప్రతి స్పందన వెంటా “పద్యంలో ఏ మాట మీచేత ఇది అనిపించింది?” అన్న అనుబంధ ప్రశ్న తప్పనిసరి. దానికి జవాబు దొరకని స్పందనను అధ్యాపకుడు ఆదరంతోనే పక్కన పెట్టాలి.

మూల్యాంకనం దగ్గర ఈ పద్ధతికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. ‘ఈ పాఠం మీ జీవితానికెలా వర్తిస్తుంది?’ అన్న ఐదు మార్కుల ప్రశ్నకు గైడ్లలో జవాబు అచ్చు వేయడం సులభం. అచ్చులో దొరికే స్వానుభవం కన్నా పాత ప్రతిపదార్థమే నిజాయితీ గలది. విద్యార్థి ఆత్మకథకు మార్కులు వేయడం నైతికంగానూ చెల్లదు, ఒకరి పేదరికం నాలుగు మార్కులనీ మరొకరిది మూడనీ నిర్ణయించే కొలమానం ఏ విశ్వవిద్యాలయం వద్దా లేదు. మార్కులు పడవలసింది స్పందన నుంచి పద్యానికి తిరిగివచ్చిన దారికి: ఏ పదం దగ్గర ఆగాడు, తన మొదటి అభిప్రాయాన్ని ఏ పంక్తి దిద్దింది, నాయకునికీ తనకూ మధ్య ఏ తేడాను గుర్తించాడు అన్నవాటికి. సెమిస్టర్ ప్రశ్నపత్రంలో ఇందుకు వీలు తక్కువ. అంతర్గత మూల్యాంకనంలో, చర్చకు ముందొకటి, తర్వాతొకటిగా రాయించిన రెండు చిన్న వ్యాఖ్యలను పక్కపక్కన పెట్టి దిద్దడానికి ఏ నిబంధనా అడ్డు కాదు.