సహాయ నటి, మాండలికం: తెలంగాణ శకుంతల నటజీవితంపై ఒక పరిశీలన

ఈ భాగం చదివే ముందు ఒక చిన్న పని చేయండి. మీరు ఎక్కువసార్లు చూసిన తెలుగు సినిమాలో తల్లి, మేనత్త, ఇంటి యజమాని వంటి పాత్రలు వేసినవారి పేర్లు రాయండి. ముఖాలూ గొంతులూ గుర్తుకొస్తాయి, పేర్లు అంత తొందరగా రావు. సహాయ నటులకు తెరమీద దొరికేది కొన్ని నిమిషాలే. ఆలోపే ఆ పాత్ర ఎవరో, ఏ ఊరిదో, ఎలాంటి మనిషో మనకు తెలిసిపోవాలి. అందుకు వారికి అందుబాటులో ఉన్న మొదటి సాధనం మాట.

ఈ సంగతికి తెలంగాణ శకుంతల మంచి ఉదాహరణ. ఆమె 1951లో మహారాష్ట్రలో పుట్టారు. మాతృభాష మరాఠీ. నాటకరంగం నుంచి సినిమాకు వచ్చి, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ (1979)లో నటించారు. తెలంగాణ యాసను పలికిన తీరు వల్లనే ఆ ప్రాంతం పేరు ఆమె పేరుకు ముందు చేరింది. గోదావరిఖని, రామగుండం ప్రాంతాల్లో ఉన్న మీకు ఇది వింతగా అనిపించదు. ప్రాణహిత దాటితే సిరొంచ, అక్కడి నుంచి మరాఠీ మొదలవుతుంది. బొగ్గుబాయి పనికి నలుదిక్కుల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి మాట నేర్చుకొని ఇక్కడివాళ్లయ్యారు. యాస పుట్టుకతోనే రానక్కరలేదు, చెవిపెట్టి వింటే పట్టుబడుతుంది.

‘నువ్వు నేను’ (2001) తర్వాత ఆమెకు అవకాశాలు పెరిగాయి. ‘ఒక్కడు’ (2003)లో కర్నూలు ముఠా నాయకుడి తల్లిగా నటించారు. కొడుకు పంతానికి అడ్డుపడకుండా దానికి బలం పోసే తల్లి ఆమె. పేరులో తెలంగాణ ఉన్న నటి రాయలసీమ పాత్రతో ఇంటింటికీ తెలియడం గమనించండి. అదే ఏడాది తమిళ ‘ధూల్’లో ముఠా నాయకురాలు స్వర్ణక్కగా కనిపించారు. పురుషులకే కేటాయించిన ప్రతినాయక స్థానంలో నడివయసు స్త్రీ నిలబడి భయపెట్టగలిగింది. ఇది ఆమె సాధించిన విజయం.

ఇక ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. ఒక గొంతు విజయవంతమైతే పరిశ్రమ దాన్నే మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఆమెకు వచ్చిన పాత్రల్లో ఎక్కువ భాగం అరిచేవి, గద్దించేవి, నవ్వించేవి. అలాంటివే వరుసగా చూసిన ప్రేక్షకుడికి యాస వినగానే మొరటుతనమో హాస్యమో స్ఫురించడం అలవాటవుతుంది. మన ఇంటి మాట తెరమీద వినబడగానే హాలులో నవ్వులు వినడం మీలో చాలామందికి అనుభవమే కావచ్చు. ఈ తప్పును నటికి అంటగట్టడం సరికాదు. సహాయ నటులు పాత్రను రాసుకోరు, వచ్చినదాన్ని ఒప్పుకుంటారు, లేదా వదులుకుంటారు. పైగా ‘మా భూమి’లో ఇదే మాట రైతుల దుఃఖాన్నీ తిరుగుబాటునూ మోసింది. కాబట్టి లోపం యాసది కాదు, దానికిచ్చిన పనిది.

ఆమె 2014 జూన్ 14న మరణించారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి పన్నెండు రోజులే. తర్వాతి కాలంలో ఈ యాస కథానాయకుల నోటికి చేరింది. సింగరేణి ప్రాంతపు పల్లె నేపథ్యంగా శ్రీకాంత్ ఓదెల తీసిన ‘దసరా’ (2023)లో నాయకుడూ నాయికా ఇదే మాట మాట్లాడతారు, ప్రేమా భయమూ ఇందులోనే చెప్పుకుంటారు. ఈ మార్పుకు కారణాలు చాలా ఉన్నాయి. ఆ యాసను తెలుగునాడంతటికీ పరిచయం చేసిన గొంతుల్లో శకుంతలది ఒకటని మాత్రం మరువరాదు. ఆమె నటజీవితాన్ని తూచేటప్పుడు ప్రతిభను ఒక పక్క, ఆ ప్రతిభకు దొరికిన పాత్రలను మరో పక్క పెట్టి చూడాలి. రెంటినీ కలిపేస్తే విమర్శ అన్యాయమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి:
‘దసరా’లో నాయకుడు కదిలే రైలు నుంచి బొగ్గు దొంగిలిస్తాడు. బాయిలోకి దిగే కార్మికుడికి అందులో ఎంత చోటు దక్కింది? అక్కడి సహాయ పాత్రల మాటను మీ ఇంట్లో వినే మాటతో పోల్చి, పది వాక్యాల్లో రాయండి.