డిగ్రీ తరగతిలో తుగ్లక్ పాఠం

ముందువెనుకలు చూడకుండా ఎవరైనా ఒక నిర్ణయం చేస్తే తెలుగునాట దానిని 'తుగ్లక్ పని' అంటారు. కనుక డిగ్రీ మొదటి సంవత్సరం చరిత్ర తరగతిలో అడుగుపెట్టేనాటికే ముహమ్మద్ బిన్ తుగ్లక్ (1325-1351) మీద తీర్పు విద్యార్థికి తెలుసు. ఆ తీర్పును విచారణకు పెట్టడం కళాశాల చేయవలసిన పని. పాఠ్యపుస్తకాలు, గైడులు సాధారణంగా చేస్తున్నది మాత్రం ఆ తీర్పుకు కారణాలను అంకెలు వేసి అందించడం: దోఆబ్‌లో పన్నుల పెంపు, రాజధాని మార్పు, రాగి నాణేలు, ఖురాసాన్ పథకం, కరాచిల్ దండయాత్ర. అయిదూ రాసినవాడికి మార్కులు పడతాయి.

ఈ జాబితా జియాఉద్దీన్ బరనీది. 1357లో ముగించిన 'తారీఖె ఫిరోజ్‌షాహీ'లో ఆయన సుల్తాన్ పథకాలను ఒకటొకటిగా ఎంచి చూపాడు. బరనీ పదిహేడేళ్లు ఆ సుల్తాన్ కొలువులో మెలగినవాడు. సుల్తాన్ మరణించిన తర్వాత అధికారానికి దూరమై, చెరసాల చూసి, పేదరికంలో ఈ గ్రంథం రాశాడు. ఈ పాలనలోని సంఘటనలను కాలక్రమంలో చెప్పడం లేదని తానే ఒప్పుకున్నాడు. పాఠ్యపుస్తకం జాబితాను తీసుకుంది, ఒప్పుకోలును వదిలేసింది.

నిజానికి విద్యార్థికి చేరుతున్నది బరనీ కూడా కాదు. సర్ హెన్రీ ఎలియట్ సేకరించగా, ఆయన మరణానంతరం జాన్ డౌసన్ 1867-1877 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువరించిన ఆంగ్లానువాదం గుండా వడగట్టిన బరనీ. ఆ సంకలనం ఉద్దేశాన్ని ఎలియట్ దాచుకోలేదు. వెనుకటి ముస్లిం పాలన ఎలాంటిదో తెలిస్తే బ్రిటిష్ పాలన వల్ల కలిగిన మేలు ప్రజలకు అర్థమవుతుందని 1849లోనే రాశాడు.

అనువాదం ఎంత పని చేస్తుందో దోఆబ్ పన్ను విషయంలో చూడవచ్చు. పన్ను ఎంత పెరిగిందో చెప్పే చోట బరనీ వాడిన పారసీ పలుకుబడికి మాటకు మాట అర్థం 'ఒకటికి పది, ఒకటికి ఇరవై'. పదింతలు, ఇరవై ఇంతలు అని చదివితే సుల్తాన్ రాక్షసుడు. పదింట ఒక వంతు, ఇరవైయింట ఒక వంతు అని చదివితే పెంపు పది శాతమో అయిదు శాతమో. డౌసన్ ఇలాగే అనువదించాడు. అది లెక్కే కాదు, బాధను చెప్పే అతిశయోక్తి అన్నవారూ ఉన్నారు. ఒక పుస్తకంలో ఇంతలు, మరొక పుస్తకంలో శాతాలు కనిపించడానికి కారణం ఇదే. రెండు పుస్తకాలు చదివిన విద్యార్థి ఒకటి అచ్చుతప్పు అనుకుంటాడు. పాపం, అతనికి మరేమని తోస్తుంది!

రాజధాని మార్పు కథ ఇంకా విచిత్రం. 1327 ప్రాంతంలో ఢిల్లీ నుండి దేవగిరికి జనాన్ని తరలించినప్పుడు నగరంలో పిల్లీ కుక్కా కూడా మిగలలేదని బరనీ అంటాడు. గుడ్డివాణ్ణి ఈడ్చుకుపోగా దౌలతాబాద్‌కు అతని కాలు ఒక్కటే చేరిందని ఇబ్నె బతూతా రాశాడు. కాని ఆయన ఢిల్లీ చేరింది 1334లో. అది విన్న మాటే గాని కన్నది కాదు. మూడవవాడు ఇసామీ. తొంభై ఏళ్ల ఆయన తాత ఢిల్లీ వదిలిన మొదటి మజిలీ తిల్పత్‌లోనే మరణించాడు. ఇసామీ దుఃఖం నిజమైనది. అయితే 1350లో ఆయన 'ఫుతూహుస్సలాతీన్' రాసింది ఆ సుల్తాన్ మీద జరిగిన తిరుగుబాటు నుండి రాజ్యం స్థాపించుకున్న బహమనీ ప్రభువు కొలువులో. ఇక ఢిల్లీ పరిసరాల్లో దొరికిన 1327, 1328 నాటి సంస్కృత శాసనాలలో పాడుబడిన నగరం జాడ లేదు. శాసనాలూ పొగడ్త కోసం చెక్కించినవే కనుక వాటినీ నిలదీయవలసిందే.

సుల్తాన్‌ను దుయ్యబట్టిన ముగ్గురూ ముస్లింలే అన్న సంగతి గమనార్హం. అయినా వారు కలహించుకున్న ఆ కాలానికి 'ముస్లిం యుగం' అని ఒకే పేరు పడింది. ఆ విభజన భారతదేశాన్ని చూడకుండా, ఇక్కడి భాష ఒక్కటీ నేర్వకుండా 1817లో చరిత్ర ప్రచురించిన జేమ్స్ మిల్‌ది. తర్వాత దానికి 'మధ్యయుగం' అని పేరు మార్చారు. గోడలు మాత్రం చాలావరకు మిల్ కట్టినవే. ఆ గోడల మధ్య కూర్చున్న ముస్లిం విద్యార్థి పాఠం వింటున్నంతసేపూ ముద్దాయిలా తల దించుకుంటాడు, లేదా వకీలులా లేచి నిలబడతాడు. సభల్లో మన వక్తలు నేర్పుతున్నది ఈ రెండవ పనే. సుల్తాన్ గొప్ప పండితుడని, కాలానికి ముందు పుట్టాడని చెప్పి ఒక తీర్పు స్థానంలో మరొక తీర్పు పెడతారు. సాక్షిని పిలవడం అక్కడా జరగదు.

ఇది మరింత విచారకరం. హదీసు విద్యలో ఉల్లేఖకుడు ఎవరు, ఎవరి నుండి విన్నాడు, వారిద్దరూ కలుసుకునే వీలుందా అని అడగకుండా ఒక్క అడుగు ముందుకు పడదు. ఆ విద్య నేర్పే మదర్సాల దర్సె నిజామీలో చరిత్రకు దక్కిన చోటు స్వల్పం. ఇబ్నె బతూతా చెప్పిన కాలు కథకు అదే ప్రశ్న వేస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

పాఠశాల నుండి ఈ అలవాటు వస్తుందన్న ఆశ కూడా సన్నగిల్లింది. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి చరిత్రలో మొగల్ దర్బారుల వృత్తాంత గ్రంథాల మీద ఒక అధ్యాయం ఉండేది. అలాంటి గ్రంథాలను ఎవరు, ఎందుకు, ఎలా రాయించారో అది చెప్పేది. 2023లో దానిని తొలగించారు. మొగలుల పేరు పోయిందని గొడవ జరిగింది గాని, పోయిన అసలు పాఠం ఏదో పట్టించుకున్నవారు తక్కువ.

తెలుగు విద్యార్థికి ఈ పాఠం చెప్పడానికి దగ్గరి దారి ఒకటి ఉంది. 1323లో ఓరుగల్లును గెలిచిన ఉలుగ్ ఖాన్, తర్వాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఒకడే. ఆంధ్రుల చరిత్రలో ఒకచోట, భారతదేశ చరిత్రలో మరొకచోట చదివి అతన్ని ఇద్దరు మనుషులుగా గుర్తుపెట్టుకునేవారున్నారు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతుంది. తర్వాత వచ్చిన అరాచకాన్ని వర్ణించి, దానిని తొలగించినవాడిగా ప్రోలయను కీర్తిస్తుంది. దానిని, ఇసామీ తన తాతను గురించి రాసిన పుటను పక్కపక్కన పెట్టి, ఎవరు ఎవరి కోసం రాశారని ఒక గంటసేపు అడిగించవచ్చు. అందుకు కొత్త పాఠ్యప్రణాళిక అక్కరలేదు. రెండు కాగితాల నకళ్లు చాలు.